సీటులో కూర్చున్నదెవరు?

గోదావరిఖనిలో మా వద్ద ఉర్దూ చదువుకున్న ఒక పిల్లవాడు ఇప్పుడు మెకానికల్ ఇంజనీరింగ్ మూడవ సంవత్సరంలో ఉన్నాడు. తండ్రి ఓపెన్ కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్. పిల్లవాడు ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో చేరాడు. అక్కడ కారు రేసుల సిమ్యులేటర్ నమూనా తయారు చేస్తున్నాడని తెలిసి తండ్రి మా వద్దకు వచ్చారు.

"మౌల్వీ సాబ్, నేను మూడు షిఫ్టులు తిరిగి ఫీజు కడుతుంటే వీడు వీడియో గేమ్ చేస్తున్నాడట. కొన్ని వేలిస్తే ప్రాజెక్టు, సర్టిఫికెట్ రెండూ చేతిలో పెడతానని ఒకాయన అంటున్నాడు. అదే నయం కదా?" అన్నారు.

మాకు యంత్రాల సంగతి అంతగా తెలియదు. పిల్లవాడినే అడిగాము.

సిమ్యులేటర్ అనగా అసలు వాహనం లేకుండానే దానిని నడిపిన అనుభవమిచ్చే యంత్రం. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన పైలట్ల శిక్షణకు అటువంటిది చేశాడు. వారి కుటుంబానిది పియానోలు, ఆర్గాన్లు చేసే కర్మాగారం. మన హార్మోనియంలో ఉండే తిత్తుల వంటివాటితోనే ఆయన ఆ ఉత్తుత్తి విమానాన్ని ఊపాడు. నేడు గనుల డంపర్లకూ సిమ్యులేటర్లున్నాయి.

రేసు సిమ్యులేటర్ ఉన్నచోటు నుండి కదలదు. అయినా వేగం పెరిగినట్టు ఒంటికి ఎలా తోస్తుంది? సీటును మెల్లగా వెనక్కు వాలుస్తారట. మన బరువే వీపును సీటుకు అదుముతుంది. ఎదుట తెరపై రోడ్డు పరుగెడుతుంటే మనసు దానినే వేగమనుకుంటుంది. తెరకూ సీటుకూ పొంతన కాస్త తప్పినా కడుపులో తిప్పుతుంది.

బ్రేకుకు మొదట పెడల్ ఎంత దూరం దిగిందో కొలిచే పరికరం పెట్టాడు. నడిపి చూసినవారు పెదవి విరిచారు. అసలు కారులో మన కాలికి గుర్తుండేది దూరం కాదు, ఎంత గట్టిగా తొక్కామన్నది. అందుకని దానిని తీసి, బలాన్ని కొలిచే లోడ్ సెల్ అమర్చాడు. సీటును కదిలించడానికి పాత కార్ల వైపర్ మోటార్లు తెచ్చాడు. అవి వేడెక్కి ఆగిపోయాయి. గడువు ముగిసేనాటికి కూడా సీటు సరిగా కదలలేదు. ఆ మాటే రిపోర్టులో రాశాడు.

అతడే మరో సంగతి చెప్పాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల రేసు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ వల్ల ఆ రేసులు ఆగినప్పుడు డ్రైవర్లు ఇళ్లలోనే సిమ్యులేటర్లపై పోటీపడ్డారు. మే నెలలో డానియెల్ ఆప్ట్ అనే జర్మనీ డ్రైవర్ తన పేరుతో ఆటలో ఆరితేరిన మరొకరిచేత నడిపించాడు. మూడవ స్థానం వచ్చింది. గుట్టు రట్టయింది. ఫలితం రద్దయింది, జరిమానా పడింది, ఆడి జట్టు అతడిని వదులుకుంది. సరదాకు చేశానన్నాడాయన!

కొన్న ప్రాజెక్టుతో పరీక్షకు నిలబడేవాడికీ ఆయనకూ మాకు తేడా కనబడలేదు. తండ్రికి అదే చెప్పాము. "మోటారు ఎందుకు ఆగింది?" అని రేపు ఇంటర్వ్యూలో అడిగితే కొన్నవాడు ఏం చెబుతాడు? ఆయన ఏమీ అనలేదు.

ఒక ఆదివారం ఆయన హైదరాబాద్ వెళ్లి కొడుకు చేసిన సీటులో కూర్చున్నారట. రెండు చుట్లు తిప్పి, "బేటా, వంద టన్నుల డంపర్‌ను దిగుడులో కాలి బ్రేకు మీద దించము. రిటార్డర్ మీద దించుతాము. నీ దాంట్లో అదేది?" అని అడిగారట.

పిల్లవాడు నోట్‌బుక్ తీశాడు.