కనిపించని గ్రహాలను కనిపెట్టడం ఎలా?



మబ్బులేని రాత్రి డాబా మీద పడుకుని పైకి చూడండి. కనిపించే చుక్కల్లో దాదాపు అన్నీ మన సూర్యుడి వంటివే. మన సూర్యుడి చుట్టూ ఎనిమిది గ్రహాలు తిరుగుతున్నప్పుడు ఆ సూర్యుళ్ళకు మాత్రం గ్రహాలు ఉండవా? ఉంటే మనకు కనిపించవేం? కనిపించని వాటిని ఉన్నాయని ఎలా నమ్మడం? ఈ మూడో ప్రశ్న అన్నిటికంటే గట్టిది. ఒక్కొక్కటే చూద్దాం.

ఎందుకు కనిపించవు?

హన్మకొండలో పద్మాక్షి గుట్ట మీద ఒక పెద్ద ఫ్లడ్‌లైటు వెలుగుతోందనుకోండి. దాన్ని ఆనుకుని ఒక మిణుగురు ఎగురుతోంది. కాజీపేటలో నిలబడి ఆ మిణుగురును చూడగలరా? గ్రహానికి సొంత వెలుగు లేదు. దూరం నుంచి చూసేవారికి మన భూమి కంటే సూర్యుడు సుమారు వెయ్యి కోట్ల రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తాడు. ఆ వెలుగులో గ్రహం మునిగిపోతుంది. అందుకే ఇంతవరకు నేరుగా ఫొటో తీయగలిగిన గ్రహాలు కొద్ది మాత్రమే.

మరి ఎలా తెలుసుకున్నారు?

మీరు ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. అక్క, చిన్న చెల్లెలు చేతులు పట్టుకుని గిర్రున తిరిగితే చెల్లెలు పెద్ద వలయంలో తిరుగుతుంది. అక్క కూడా కదలకుండా ఉండదు, చిన్న వలయంలో ఊగుతుంది. నక్షత్రం అక్క, గ్రహం చెల్లెలు. గురుత్వాకర్షణే వాళ్ళ చేతులు. చీకట్లో చెల్లెలు కనిపించకపోయినా, అక్క ఊగడాన్ని బట్టి ఎవరో చెయ్యి పట్టుకుని ఉన్నారని చెప్పవచ్చు కదా!

ఆ ఊపును కొలిచేదెలా? రైలు మన వైపు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. కాంతి విషయంలోనూ ఇంతే. నక్షత్రం మన వైపు వచ్చినప్పుడు దాని వర్ణపటంలోని గీతలు నీలం వైపు, దూరంగా జరిగినప్పుడు ఎరుపు వైపు కొద్దిగా జరుగుతాయి. స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, డిడియే కెలో 1995లో ఈ పద్ధతితోనే, సూర్యుని పోలిన నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని కనుగొన్నారు. ఆ నక్షత్రం పేరు 51 పెగాసి. ఆ గ్రహానికి ఏడాది అంటే మన లెక్కలో నాలుగు రోజుల పైచిలుకు మాత్రమే! వారికి 2019లో నోబెల్ బహుమతి లభించింది.

ఇంకో దారి ఉందా?

ఉంది. ఈ రెండో పద్ధతికి మూలమైన దృశ్యాన్ని మన విశాఖపట్నంలోనే శ్రద్ధగా పరిశీలించారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా నడిచి వెళ్ళింది. దీన్నే సంక్రమణం అంటారు. గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దీన్ని చూసి వివరాలు నమోదు చేశారు.

దూరపు గ్రహం తన నక్షత్రానికి అడ్డం వస్తే మనకు చుక్క కనిపించదు. కానీ నక్షత్రపు వెలుగు కాస్త తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది? లెక్క మీరే చేయండి. గురుగ్రహం వ్యాసం సూర్యుని వ్యాసంలో సుమారు పదో వంతు. వైశాల్యం నూరో వంతు. అంటే వెలుగు నూటికి ఒక పాలు తగ్గుతుంది. భూమి వ్యాసం సుమారు 109వ వంతు. కాబట్టి దాదాపు 12,000 పాళ్ళలో ఒక పాలు! ఈ తగ్గుదలను 2009 నుంచి 2018 వరకు కొలిచిన కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని వల్ల 2,600కు పైగా గ్రహాలు బయటపడ్డాయి. అన్ని పద్ధతులూ కలిపి 2025 సెప్టెంబరు నాటికి ధ్రువపడిన గ్రహాల సంఖ్య 6,000కు చేరింది.

పొరపాటు పడే అవకాశం లేదా?

తప్పకుండా ఉంది. 1855లోనే మద్రాసు వేధశాల అధిపతి కెప్టెన్ జేకబ్, 70 ఓఫియూకి అనే జంట నక్షత్రాల గమనంలో తేడా గమనించి, కనిపించని గ్రహం వాటిని లాగుతూ ఉండవచ్చునని ప్రకటించాడు. ఆలోచన సరైనదే. కానీ తరువాత మరింత మంచి పరికరాలతో వెతికినా ఆ గ్రహం దొరకలేదు. అందుకే నేడు ఒకరు చెప్పినదాన్ని మరొకరు వేరే పరికరంతో, వీలైతే వేరే పద్ధతితో సరిచూస్తారు.

అక్కడ జీవులున్నాయా?

ఇంతవరకు ఎక్కడా రుజువు కాలేదు. 124 కాంతి సంవత్సరాల దూరంలో కె2-18బి అనే గ్రహం ఉంది. భారతదేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ బృందం ఆ గ్రహ వాతావరణంలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని 2023లో ప్రకటించింది. భూమి మీద ముఖ్యంగా సముద్రజీవుల నుంచి వెలువడే ఒక పదార్థపు జాడ కూడా కనిపిస్తోందని 2025లో తెలిపింది. అవే కొలతలను పరీక్షించిన ఇతర శాస్త్రజ్ఞులు, ఆ జాడ నమ్మదగినంత బలంగా లేదన్నారు. ఇది కొట్లాట కాదు. సైన్సు ముందుకు నడిచే తీరే ఇది.

మనం వెళ్ళిరాగలమా?

సూర్యుని తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దూరం 4.2 కాంతి సంవత్సరాలు. దానికి గ్రహం ఉందని 2016లో తేలింది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 వంటి నౌక అంత దూరం పోవాలంటే సుమారు 75 వేల ఏళ్ళు పడుతుంది!

మనం వెళ్ళలేకపోయినా మన పేరు వెళ్ళింది. 2019లో ఒక నక్షత్రానికీ దాని గ్రహానికీ పేర్లు పెట్టే అవకాశం మన దేశానికి వచ్చింది. నక్షత్రానికి భౌతిక శాస్త్రజ్ఞురాలు బిభా చౌధురి పేరిట 'బిభా' అనీ, గ్రహానికి 'సంతమస' అనీ పేర్లు ఖాయమయ్యాయి. బిభా అంటే వెలుగు. సంతమసం అంటే మన నిఘంటువుల్లో చిక్కటి చీకటి. వెలుగు పక్కనున్న చీకటిని వెతకడమే కదా ఈ శాస్త్రం!

ఇకపై కొత్త గ్రహం దొరికిందన్న వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఏ పద్ధతితో కనుగొన్నారు? ఏం కొలిచారు? మరొకరు సరిచూశారా? ఈ మూడు ప్రశ్నలు గ్రహాలకే కాదు, మీరు వినే ప్రతి మాటకూ పనికివస్తాయి.