చినుకులో కరెంటు ఎక్కడుంది?

ముసురు పట్టి ఎండ మొహం చాటేసినప్పుడు సోలార్ పలకలు ఊరుకుంటాయి కదా, ఆ వాన దెబ్బతోనే కరెంటు తీయలేమా అని ఆదిలాబాద్ పాఠకుడొకరు అడిగారు. తీశారు! అయితే దెబ్బను నమ్ముకుని కాదు.

గాలి అడ్డు లేకపోతే రెండు కిలోమీటర్ల పైనుంచి రాలే చినుకు సెకనుకు 200 మీటర్ల వేగంతో నేలను తాకేది. గాలి వల్ల పెద్ద చినుకుకూ 9 మీటర్లే మిగులుతాయి. ఏడాదికి 1000 మి.మీ. వాన కురిస్తే చదరపు మీటరు మీద పడేది టన్ను నీరు. సగటు వేగం 7 మీటర్లనుకున్నా, ఆ ఏడాది దెబ్బలన్నీ కలిపి 7 వాట్ల బల్బును గంటసేపు వెలిగించలేవు.

2020లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీలో వాంగ్ జువాన్‌కాయ్ బృందం చేసిన పరికరం చూడండి. గాజు మీద కరెంటు పారే పూత, దానిపై టెఫ్లాన్ పొర, పైన చిన్న అల్యూమినియం ముక్క. అంతే! చుక్కలు పదేపదే తాకేకొద్దీ టెఫ్లాన్ రుణావేశాన్ని పోగుచేసుకుని వదలదు. దాని ఆకర్షణకు కింది పూతలో ధనావేశం చేరుతుంది. వలయం తెగి ఉంది కనుక కదలలేదు. అప్పుడు పడ్డ చుక్క పెనం మీద దోశపిండిలా పరుచుకుంటుంది. దాని అంచు అల్యూమినియాన్ని తాకగానే వలయం కలుస్తుంది, ఆవేశం ఒక్కసారిగా పైకి పారుతుంది. చుక్క ముడుచుకుంటుంటే ఆ ఆవేశం తిరిగి కిందికి వస్తుంది. నీటిచుక్కే స్విచ్! 15 సెం.మీ. ఎత్తు నుంచి పడిన ఒక్క చుక్క 140 వోల్టులు దాటించి 100 చిన్న ఎల్ఈడీలను మెరిపించింది.

నీరు దేన్నైనా తాకినా, తాను చిట్లినా ఆవేశాలు విడిపోవడం కొత్త సంగతి కాదు. జలపాతాల దగ్గర గాలిలో రుణావేశం ఉంటుందని 18వ శతాబ్దంలోనే గమనించారు. అది నీరు ఆవిరి కావడం వల్లేనన్నాడు వోల్టా, అంతటివాడూ పొరబడ్డాడు. చుక్కలు చిట్లడమే కారణమని 1892లో ఫిలిప్ లెనార్డ్ ప్రయోగాలతో చూపించాడు. కుంటాల జలపాతం తుంపరలో తడిసేవారి చుట్టూ జరిగేదీ ఇదే.

ఇక ఉపయోగం. ఈ పరికరానికి చెప్పిన చదరపు మీటరుకు 50 వాట్లన్న అంకె పట్టుకుని ఇళ్లకు వాన కరెంటు వచ్చేసిందని రాసేవారిని చూస్తే బాధేస్తుంది. అది రెప్పపాటు శిఖరమే. చుక్క పరుచుకునే శక్తి కూడా పడే వేగం నుంచే రావాలి కనుక పై లెక్కను ఏ పరికరమూ దాటలేదు. వానతో ఊళ్లకు వెలుగు కావాలంటే నీటిని గోదావరిలో చేరనివ్వాలి. ఆ నదిపై ఉన్న పోచంపాడు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 36 మెగావాట్లు. ఈ పరికరం అడవిలో వానను కొలిచే చిన్న సెన్సర్‌కు ఊతమిస్తే చాలు. అంత స్వల్పశక్తిలోంచి 140 వోల్టులు రాబట్టిన ఉపాయానికి అదేమీ చిన్నతనం కాదు.