మోకాల్లో వేసిన స్క్రూ కరిగిపోతే...?

"కుట్లు వాటంతటవే కరిగిపోతాయి, విప్పించుకోవడానికి మళ్ళీ రానక్కర్లేదు" అనే మాట కాన్పు ఆపరేషను అయిన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. ఆ కుట్లలాగే కరిగిపోయే స్క్రూలు కూడా వున్నాయంటే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. ఆటల్లో మోకాలి లిగమెంట్ తెగిన అమ్మాయికి ఆపరేషను చేసేముందు "లోహపు స్క్రూ వెయ్యమంటారా, కరిగిపోయేదా?" అని డాక్టరుగారు అడిగితే తల్లికి ఏం చెప్పాలో తోచదు. ఒంట్లో ఇనుము మిగలకపోతే మంచిదేగా అనిపిస్తుంది. అది కాస్తా కరిగిపోయాక కాలు మళ్ళీ వదులైపోతుందేమోనన్న భయమూ వుంటుంది. ఈ స్క్రూలు 1990ల నుంచి వాడకంలో వున్నాయి కాబట్టి, ఏళ్ళు గడిచాక ఏమవుతుందో ఇప్పుడు చెప్పుకోవచ్చు.

తెగేది ఏది?

తొడ ఎముకనీ, ముంగాలి ఎముకనీ కలుపుతూ మోకీలు లోపల తాడులాంటి కట్టు ఒకటి వుంటుంది. దాన్నే డాక్టర్లు ఏ.సి.ఎల్. అంటారు. ముంగాలి ఎముక ముందుకి జారిపోకుండా పట్టి వుంచేది ఇదే. పరిగెడుతూ గభాల్న పక్కకి తిరిగినా, ఎగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడినా ఇది తెగుతుంది. కబడ్డీ, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లోనూ, బండి మీంచి పడ్డప్పుడూ ఈ దెబ్బ తగులుతుంటుంది. ఒకే ఆట ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిలకే ఇది ఎక్కువగా తెగుతుంది.

తెగిన ప్రతివారికీ ఆపరేషను అక్కర్లేదు. వ్యాయామాలతోనే సర్దుకునేవాళ్ళూ వున్నారు. నడకలో కాలు పట్టు తప్పిపోతున్నా, మళ్ళీ ఆటలాడాలన్నా ఆపరేషను గురించి ఆలోచిస్తారు.

స్క్రూ చేసే పని ఎంతకాలం?

తెగిన కట్టుని మామూలుగా కుట్టరు. ఆ మనిషి తొడ వెనక కండరాల కొసన తాళ్ళలా వుండే భాగాన్నో, మోకాలి చిప్ప కింద వుండే పట్టీ ముక్కనో తీసి కొత్త కట్టు తయారు చేస్తారు. రెండు ఎముకల్లోనూ సొరంగాలు తొలిచి, అందులోంచి ఆ కట్టుని దూర్చి బిగిస్తారు. పార పిడి వదులైతే సందులో చీల కొడతాం చూడండి, సొరంగంలో ఈ స్క్రూ కూడా అలాగే కట్టుని ఎముక గోడకి నొక్కి పెడుతుంది.

కట్టు ఎముకకి అతుక్కోవడానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. స్క్రూ అసలు పని అంతవరకే. అది పూర్తిగా కరగడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. అందుచేత స్క్రూ కరిగిపోవడం వల్ల కాలు వదులౌతుందన్న భయం పెట్టుకోనక్కర్లేదు.

పెరుగులోని పులుపే!

ఇలాంటి స్క్రూల్లో ఎక్కువగా వాడేది పాలీలాక్టిక్ యాసిడ్. పెరుగుకి పులుపునిచ్చే లాక్టిక్ యాసిడ్‌నే పూసలదండలా గుచ్చితే ఈ గట్టి పదార్థం తయారవుతుంది. ఒంట్లోని నీరు తగిలి ఆ దండ కొంచెం కొంచెంగా తెగుతుంది. విడిపోయిన లాక్టిక్ యాసిడ్‌ని మన శరీరం చివరకి నీరుగా, ఊపిరితో బయటికి పోయే కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది.

ఏళ్ళు గడిచాక...

2016లో కోక్రేన్ సంస్థవారు అప్పటివరకు జరిగిన పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. ఏడాదికీ, రెండేళ్ళకీ మోకాలి పనితీరులో లోహపు స్క్రూకీ, కరిగేదానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే బిగిస్తుండగానే స్క్రూ విరగడం లాంటి చిక్కులు కరిగేవాటిలో ఎక్కువగా వుండొచ్చని తేల్చారు.

ఇంకో సంగతి. కరుగుతుందంటే ఆ చోటంతా ఎముక పూడుకుంటుందనుకుంటాం. కానీ చాలామందిలో ఆ ఖాళీ పూర్తిగా పూడదు. కొందరిలో అయిదేళ్ళు దాటాక కూడా స్క్రూ అవశేషాలు కనిపించాయి. సొరంగం కాస్త వెడల్పయ్యేది కూడా వుంది. అందుకే తరవాత వచ్చిన స్క్రూల్లో ఎముకలో వుండేలాంటి కాల్షియం పదార్థాలు కలుపుతున్నారు. వీటితో ఎముక కొంత బాగా పెరుగుతున్నా, అందరిలోనూ పూర్తిగా పూడుతుందని చెప్పలేం.

అరుదుగా కొందరికి ఏడాదీ, రెండేళ్ళూ గడిచాక ముంగాలి మీద మచ్చ దగ్గర బుడిపెలా లేస్తుంది. కరుగుతున్న పదార్థానికి శరీరం చూపే తిరుగుబాటు అది. కొన్నిసార్లు అక్కడ శుభ్రం చెయ్యాల్సి వస్తుంది.

మరి దీని లాభం? ఎం.ఆర్.ఐ. తీసినప్పుడు బొమ్మ స్పష్టంగా వస్తుంది. టైటానియం స్క్రూ వున్నా ఎం.ఆర్.ఐ. తియ్యొచ్చు, కాకపోతే ఆ చుట్టుపక్కల బొమ్మ చెదురుతుంది. ఇబ్బంది పెట్టకపోతే లోహపు స్క్రూని కూడా తియ్యాల్సిన పనిలేదు. కాబట్టి ఏది వేసినా బెంగ పడొద్దు. పదేళ్ళ తరవాత మోకాలు ఎలా వుంటుందన్నది మొదటి దెబ్బకి లోపలి మెత్తటి గిన్నె, అంటే మెనిస్కస్, ఎంత పాడైంది, తొడ కండరం ఎంత బలం పుంజుకుంది, బరువు అదుపులో వుందా అన్నవాటి మీద చాలావరకు ఆధారపడుతుంది. ఇందులో రెండు మన చేతుల్లోనే వున్నాయి!

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

* స్క్రూ పెట్టె మీద వుండే స్టిక్కరు, డిశ్చార్జి కాగితం ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, రేషన్ కార్డుతోబాటు భద్రం చెయ్యండి. పాలీలాక్టిక్ యాసిడ్ స్క్రూ ఎక్స్‌రేలో కనపడదు. ఇరవై ఏళ్ళ తరవాత అమ్మాయి మోకాలు చూసే డాక్టరుకి లోపల ఏం వేశారో చెప్పేది ఆ కాగితమే.

* జాలిపడి మోకాలి కింద దిండు పెట్టకండి. కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. డాక్టరు పెట్టుకోమంటే మడమ కింద పెట్టండి.

* నొప్పి తగ్గింది కదా అని వ్యాయామాలు మాన్పించకండి. ఫిజియోథెరపిస్టు చెప్పినన్ని నెలలూ చేయించండి.

* మళ్ళీ ఆటలకి పంపడానికి తొమ్మిది నెలలైనా ఆగాలి. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం డాక్టరుని అడిగాకే.

* ఎన్నాళ్ళ తరవాతైనా సరే మచ్చ దగ్గర వాపు, బుడిపె, చీము కనిపిస్తే వేడి కాపడాలు పెట్టి ఊరుకోకండి. వెంటనే ఆపరేషను చేసిన డాక్టరుకి చూపించండి. జ్వరం కూడా వుంటే అస్సలు ఆలస్యం పనికిరాదు.