గుడ్‌ఇయర్ వేసిన ముడి

పాత టైరు ఎన్నాళ్ళు పడేసినా అలాగే ఉంటుంది. అది చూసి రబ్బరు కుళ్ళదని అనుకుంటాం. తప్పు రబ్బరుది కాదు. హెవియా చెట్టుకు గాటు పెడితే కారే పాలలోని రబ్బరును మట్టిలోని సూక్ష్మజీవులు హాయిగా తింటాయి. నెదర్లాండ్స్‌లో సోంగెన్, ఫోల్ అనే ఇద్దరు 1914లోనే అలాంటి ఆక్టినోమైసీట్లనే బాక్టీరియాను పట్టి చూపారు. 1936లో అమెరికాలో స్పెన్స్, వాన్ నీల్ మరో చక్కని ఉపాయం వాడారు. రబ్బరు పాలు కలిపిన అగార్ పళ్ళెం తెల్లగా మసకగా ఉంటుంది. తినే బాక్టీరియా చుట్టూ మాత్రం ఆ మసక విడిపోయి తేటబడుతుంది.

రబ్బరంటే ఐసోప్రీన్ అణువులు వేలల్లో కలిసిన గొలుసు. ప్రతి లంకెలోనూ ఒక ద్విబంధం ఉంటుంది. సూక్ష్మజీవి తెంచేది అక్కడే. అంత పొడవాటి గొలుసు కణంలోకి పట్టదు గనక స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా తన ఎంజైమును బయటికే వదులుతుంది. ఆ ఎంజైములో మన రక్తంలోలాగే ఇనుమున్న హీమ్ ఉంటుంది. అది ఆక్సిజన్‌ను ద్విబంధంలోకి చొప్పించి గొలుసును తెంచుతుంది. ఆ ముక్కలు కణం లోపలికి వెళ్ళి కొవ్వు ఆమ్లాల్లాగే కరిగిపోతాయి. గార్డోనియా జాతివాటి తీరు వేరు. అవి రబ్బరుకు అతుక్కుంటేనే తినగలవు, చుట్టూ తేట వలయమూ ఏర్పడదు. అందుకే పళ్ళెం పరీక్షకు అవి దొరకలేదు.

ఇక చార్లెస్ గుడ్‌ఇయర్ సంగతి. 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని కనుగొన్నాడు. అలా చేసినప్పుడు గొలుసుల మధ్య గంధకపు ముడులు పడతాయి. 1844లో పేటెంటూ వచ్చింది. అయినా అప్పులతోనే పోయాడు, పాపం. ఆ ముడులకు తోడు టైరులో జింక్ ఆక్సైడు, కార్బన్ బ్లాక్, సూక్ష్మజీవులకు గిట్టని రకరకాల మందులూ చేరాయి. అందుకే టైరు సూక్ష్మజీవులకు అంత సులువుగా చిక్కదు.

అలాగని గంధకం పెట్టిన రబ్బరుకు పూర్తి రక్షణేమీ లేదు. నెదర్లాండ్స్‌లో నీటి పైపుల కీళ్ళలో బిగించిన సహజ రబ్బరు రింగులను స్ట్రెప్టోమైసిస్ కొరికేసిందని 1950, 60ల్లో బయటపడింది.

కృత్రిమ రబ్బరు విషయంలో ఒక తమాషా ఉంది. ఫ్యాక్టరీలో చేసిన పాలీఐసోప్రీన్‌నూ ఈ సూక్ష్మజీవులు తింటాయి, గొలుసు అదే కదా! టైర్లలో వాడే స్టైరీన్-బ్యూటాడైయీన్ రబ్బరు మాత్రం అంత తేలిగ్గా లొంగదు. ట్యూబుల్లోని బ్యూటైల్ రబ్బరులో ద్విబంధాలు చాలా అరుదు.

అందుకే కొందరు పరిశోధకులు టైరును తినిపించడం మాని ముడులు విప్పే పని చేపట్టారు. టైరు పొడిని గంధకం తినే బాక్టీరియా అయిన థయోబాసిల్లస్‌కు అప్పగిస్తారు. రెసినీషియం బైకలర్ అనే శిలీంధ్రం ముందుగా అందులోని విషపు రసాయనాలను తగ్గిస్తుంది. కానీ బాక్టీరియా పనిచేసేది రేణువుల పైపొరలోనే. లోపలి ముడులు అలాగే ఉండిపోతాయి.