బహుమానం వచ్చిన తరువాత

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ నుంచి రాయ్‌గఢ్ వైపు సాగే రహదారిపై మస్తూరీ ఉంది. చుట్టూ వరి మళ్ళు, ఊరూరా చెరువులు. ప్రాచీన ఆలయాలకూ, శిల్పాలకూ పేరుపొందిన మల్హార్ ఈ తహసీలులోనిదే. సమీపంలోని జైరాంనగర్ స్టేషను మీదుగా హౌరా–ముంబయి రైలుమార్గం పోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్ రైల్వే పట్టణంగా ఎదిగింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయింది. రైల్వే ఉద్యోగాల నిమిత్తం వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం తరతరాలుగా అక్కడ నివసిస్తున్నాయి.

జైరాంనగర్ దాటి అకల్తరా, జాంజ్‌గీర్‌ల మీదుగా తూర్పునకు పోతే చాంపా వస్తుంది. అది ‘కోసా’ పట్టుకు ప్రసిద్ధమైన ఊరు. తెలుగువారు దసలి పట్టు అని పిలిచేది దీనినే. మద్ది చెట్ల ఆకులు తిని పెరిగే పురుగులు కట్టిన గూళ్ళ నుంచి ఈ పట్టు లభిస్తుంది. తెలంగాణలో చెన్నూరు, మహదేవపూర్ అటవీ ప్రాంతాలవారికీ ఇది తెలిసిన వృత్తే. కోసా అన్న మాటలో సంస్కృతంలోని ‘కోశం’ వినిపిస్తుంది. భాషలు వేరయినా మాట ఒకటి, చెట్టు ఒకటి, శ్రమ కూడా ఒకటే.

ఈ శ్రమను తగ్గించడానికి పూనుకొన్న రెండు చిన్న యంత్రాల కథ నేటి యువతరం తెలుసుకోదగినది. నేడు దేశమంతటా వ్యాపార ప్రతిపాదనల పోటీలు జరుగుతున్నాయి. 2016 జనవరిలో ‘స్టార్టప్ ఇండియా’ కార్యక్రమం ప్రారంభమైన తరువాత కళాశాలల్లో సైతం ఇవి విరివిగా కనిపిస్తున్నాయి. పోటీదారు వేదికపై నిలిచి, తన ఆలోచన ఏమిటో, ఎవరికి ఉపయోగమో, ఎంత ఖర్చో కొద్ది నిమిషాల్లో న్యాయనిర్ణేతలకు వివరిస్తాడు. నచ్చినవారికి బహుమతి, ప్రోత్సాహకంగా కొంత ధనం లభిస్తాయి. పత్రికల్లో ఫోటో వస్తుంది. అక్కడితో వార్త ముగుస్తుంది. సంస్థ నడిచేదీ, ఆగిపోయేదీ ఆ తరువాతి సంవత్సరాలలో తేలుతుంది.

తల్లి భుజం నొప్పి

యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు సమీపంలోని శారాజీపేట చేనేత గ్రామం. చింతకింది మల్లేశం అక్కడ నేత కుటుంబంలో జన్మించి, చిన్నతనంలోనే బడి మాని మగ్గం పట్టాడు. ఆ ప్రాంతంలో నేసే చీరలకు నూలును ముందుగా ముడులు కట్టి రంగులద్దుతారు. అందుకోసం నూలును అర్ధవలయంగా అమర్చిన పుల్లల చుట్టూ, మధ్యలోని పుల్లకూ మార్చి మార్చి పోగు పోగుగా చుట్టాలి. దీనినే ఆసు పోయడం అంటారు. సాధారణంగా ఇది ఇంటి ఆడవారి పని. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించవలసి ఉంటుంది. అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు చెయ్యి కదలాలి. మల్లేశం తల్లి లక్ష్మి ఈ పనివల్లనే భుజం నొప్పితో బాధపడింది.

ఆ బాధ చూడలేక 1992లో అతడు యంత్రం తయారీకి పూనుకొన్నాడు. డబ్బు చాలక, ఇరుగుపొరుగువారి పరిహాసం భరిస్తూ ఏళ్ళు గడిపాడు. హైదరాబాదులో విద్యుత్తు పనులు చేసుకుంటూ ప్రయత్నం కొనసాగించాడు. ఒక కర్మాగారంలో కనిపించిన యంత్రపు కదలిక అతడి చిక్కు విప్పింది. 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరిట దానికి లక్ష్మి ఆసు యంత్రమని పేరు పెట్టాడు. నాలుగైదు గంటల పని ఇంచుమించు గంటన్నరలో ముగిసింది.

అతడికి జాతీయ పురస్కారం వచ్చిన సంవత్సరం 2009. అంటే యంత్రం తయారయిన పదేళ్ళకు. ఈలోగా అది నేత కుటుంబాల ఇళ్ళలో ప్రవేశించి, వారి మెప్పు పొందింది. పురస్కారం ఇచ్చిన సంస్థ జాతీయ నవకల్పన ప్రతిష్ఠానం 2000లో ఏర్పడింది. అక్కడ వేదికపై వాక్చాతుర్యానికి పోటీ లేదు. గ్రామాల్లో నడిచి వెళ్ళి, చదువు లేని పనివారి ప్రతిభను వెతికి వెలికితీసే ‘హనీ బీ’ బృందాలు దానికి తోడ్పడతాయి. తెలుగునాట ఈ పని చేస్తున్నది విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం 2005లో స్థాపించిన ‘పల్లె సృజన’. 2017లో మల్లేశానికి పద్మశ్రీ లభించింది. 2019లో అతడి జీవితం చలనచిత్రంగా వచ్చింది.

ఇక్కడ వరుసక్రమం గమనార్హం. మొదట తోటివారి నమ్మకం, తరువాత బహుమానం. నేటి పోటీల్లో ఇది సాధారణంగా తలకిందులవుతుంది. బహుమానం ముందు వస్తుంది, నమ్మకం తరువాత సంపాదించుకోవాలి. న్యాయనిర్ణేత కొద్ది నిమిషాల్లో ఒప్పుకొంటాడు. రోజుకు 18,000 సార్లు చెయ్యి ఆడించే మనిషి ఒప్పుకోవాలంటే యంత్రం ఆమె ఇంట్లో, ఆమె నూలుతో, ఒక పూట పని చేసి చూపాలి.

చాంపా యంత్రం లెక్క

దసలి గూళ్ళను ఉడికించి, కొన్నింటి పోగులను కలిపి, స్త్రీలు తమ తొడపై చేత్తో రుద్దుతూ నూలు తీయడం ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, బీహార్ ప్రాంతాల్లో చిరకాలంగా సాగిన పద్ధతి. చర్మం ఒరుసుకుపోయేది. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవాలి. నలుగురి ముందు చేయడానికి సిగ్గుపడే పని. ఇంత చేసినా ఆదాయం స్వల్పం. కేంద్ర పట్టు మండలికి చెందిన సాంకేతిక పరిశోధన సంస్థ, చాంపాకు చెందిన ఒక చిన్న పారిశ్రామికునితో కలిసి ‘బునియాద్’ అనే నూలు తీసే యంత్రాన్ని రూపొందించింది. ఆ మాటకు పునాది అని అర్థం. 2019 ఫిబ్రవరిలో న్యూఢిల్లీలో ఈ యంత్రాలను గిరిజన ప్రాంతాల మహిళలకు పంపిణీ చేశారు. తొడపై నూలు తీసే పద్ధతికి స్వస్తి చెప్పాలన్న సంకల్పాన్ని కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ ప్రకటించింది.

అప్పట్లో ఆ శాఖ తెలిపిన లెక్కలు పరిశీలించదగినవి. పాత పద్ధతిలో స్త్రీ రోజుకు సుమారు రూ.125 సంపాదిస్తుంది. యంత్రంపై రూ.350 వరకు పొందవచ్చు. పన్నులు, రవాణా కాక యంత్రం ధర రూ.25,000. దీనిని పనిచేసే స్త్రీ వైపు నుంచి చూద్దాం. ఆ ధర ఆమెకు 200 రోజుల పూర్తి సంపాదన. తిండి మాని కూడబెట్టినా కొనలేదు. అయితే యంత్రంవల్ల రోజుకు అదనంగా వచ్చేది రూ.225. ఆ అదనపు మొత్తమంతా అప్పు తీర్చడానికే వినియోగిస్తే, వడ్డీ కాక, సుమారు 111 పనిదినాల్లో ధర తీరుతుంది. కనుక ఆమెకు ప్రధానంగా అడ్డుపడేది మొదటిరోజు చేతిలో ఉండవలసిన సొమ్ము. సబ్సిడీ గానీ, సంఘం ఇచ్చే అప్పు గానీ ఆ ఒక్క మెట్టు ఎక్కిస్తే చాలు.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. 111 రోజులూ గూళ్ళు దొరకాలి, యంత్రం తిరగాలి, తీసిన నూలు అమ్ముడుపోవాలి. దసలి గూళ్ళు పంటకాలాన్ని బట్టి వస్తాయి, వానలను బట్టి తగ్గుతాయి. ఊళ్ళో మరమ్మతు తెలిసిన మనిషి లేకపోతే చిన్న భాగం విరిగినా యంత్రం మూలపడుతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందుచేత సమాజహితం కోరి ప్రారంభించే సంస్థ యంత్రంతోపాటు విడిభాగాలనూ, మరమ్మతు నేర్చిన స్థానికులనూ, ముడిసరుకు నిల్వనూ, కొనుగోలుదారునూ సమకూర్చుకోవాలి. బహుమతి సొమ్ము ప్రదర్శనకు ఒక మంచి నమూనా చేయడానికి సరిపోవచ్చు. ఈ నాలుగింటికీ ఏటేటా రాబడి కావాలి.

ధర తగ్గించడమే మొదటి సేవ

హైదరాబాదు కేంద్రంగా 2015లో ప్రారంభమైన ‘ఖేతీ’ సంస్థ అనుభవం ఇందుకు మరొక నిదర్శనం. ఎండ, చీడపీడలు, నీటి కొరతల నుంచి కూరగాయల పంటను కాపాడే హరితగృహాలు పెద్ద రైతులకే అందుబాటులో ఉండేవి. సన్నకారు రైతు తన పొలంలో కొద్దిపాటి స్థలంలో వేసుకోగల చిన్న హరితగృహాన్ని ఈ సంస్థ రూపొందించింది. 2022 డిసెంబరులో బోస్టన్ నగరంలో ప్రకటించిన ఎర్త్‌షాట్ బహుమానం దీనికి లభించింది. ఆ బహుమానం విలువ 10 లక్షల పౌండ్లు.

ఆ సందర్భంలో నిర్వాహకులు వెల్లడించిన వివరాల ప్రకారం, ఈ హరితగృహం ధర సాధారణ హరితగృహం ధరకంటే సుమారు 90 శాతం తక్కువ. ఆరుబయట సాగుతో పోలిస్తే నీరు 98 శాతం ఆదా అవుతుంది. దిగుబడి ఏడు రెట్లు. అప్పటికి సుమారు 1,000 మంది రైతులు దీనిని వాడుతుండగా, 2027 నాటికి 50,000 మందికి చేర్చాలని సంస్థ లక్ష్యంగా పెట్టుకొన్నది. హరితగృహంతోపాటు సాగు శిక్షణ, సలహాలు అందించడం కూడా సంస్థ పనిలో భాగమే. రైతు ఒంటరిగా నష్టపోతే ఊళ్ళో రెండో రైతు ముందుకు రాడన్న సంగతి పల్లెలో తిరిగినవారందరికీ విదితమే.

ఖాతాపుస్తకం ఎవరి చేతిలో?

యంత్రం శ్రమను తగ్గిస్తుంది. ఆ మిగులు ఎవరికి చెందుతుంది? ఆసు యంత్రం నేత కుటుంబం ఇంట్లోనే ఉంటే, మిగిలిన గంటలు ఆ ఇల్లాలివి. అదే యంత్రాలు పది కొని వ్యాపారి తన షెడ్డులో పెట్టుకొంటే ఆమె కూలి మనిషిగానే మిగులుతుంది, లేదా ఉన్న పనీ కోల్పోతుంది. యంత్రం అదే, ఫలితం వేరు. పోటీలో ‘ఎంతమందికి ఉపయోగం’ అని అడుగుతారు. ‘ఎవరికి సొంతం’ అని కూడా అడగవలసి ఉంది.

ఈ ప్రశ్నకు తెలుగునాట ఒక సమాధానం పుట్టింది. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం తరువాత నెల్లూరు జిల్లా మహిళలు పొదుపు సంఘాలుగా ఏర్పడ్డారు. తరువాతి దశాబ్దాల్లో ఆ సంఘాలు రాష్ట్రమంతటా విస్తరించాయి. అటువంటి అనుభవాలే జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్‌కు బలమిచ్చాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ మిషన్ పేరు ‘బిహాన్’, అనగా ఉదయం. మిషన్‌లో అంతర్భాగమైన గ్రామీణ స్టార్టప్ పథకం విధానం వ్యాపార పోటీలకు భిన్నమైనది. గ్రామాల నుంచే ఎంపికయిన కార్యకర్తలకు లెక్కలు, మార్కెట్టు పరిశీలనలో శిక్షణ ఇస్తారు. వారు కిరాణా కొట్టుకో, కుట్టుపనికో, పిండిమరకో స్థానిక కుటుంబాలతో కలిసి ప్రణాళిక రాస్తారు. అప్పు సంఘాల ద్వారా అందుతుంది. వ్యాపారం మొదలయిన తరువాత కూడా కార్యకర్త వచ్చి ఖాతాపుస్తకం చూస్తూ సలహా చెబుతాడు. ఇందులో చప్పట్లు లేవు, గెలుపోటములు లేవు. అప్పు తిరిగి కట్టవలసింది ఎదురింటివారికే కనుక బాధ్యత మాత్రం ఎక్కువ.

అలాగని పోటీలు వ్యర్థమనుకోరాదు. పల్లెలోని ఆలోచన పదిమంది చెవిన పడటానికి, పెట్టుబడి పెట్టేవారు కలవడానికి, స్వయంగా తన లెక్క తాను సరిచూసుకోవడానికి అవి అవకాశమిస్తాయి. మంచి పోటీ గెలవని వారికి కూడా ఎక్కడ లోపమున్నదో తెలియజెబుతుంది. అయితే బహుమానం విత్తనం వంటిది. దానిని నాటవలసిన నేల వేరే ఉంది.

పాఠశాలలో, కళాశాలలో ఇటువంటి పోటీకి సిద్ధపడే విద్యార్థి మూడు సంగతులు ముందుగా విచారించుకోవడం మేలు. ఈ వస్తువు ఎవరికోసమో వారి రోజుకూలితో దాని ధరను భాగిస్తే ఎన్ని రోజులు వస్తాయి? అది చెడిపోయిన నాడు ఊళ్ళో ఎవరు బాగుచేస్తారు? లాభం వచ్చిన నాడు అది ఎవరి పేరిట జమ అవుతుంది? మూడింటికీ జవాబు దొరికిన ప్రతిపాదన బహుమతి రాకపోయినా నిలుస్తుంది.

శారాజీపేట ఇల్లాలు చాంపా స్త్రీని చూసి ఉండదు. ఒకరిది తెలుగు, మరొకరిది ఛత్తీస్‌గఢీ. ఒకరి బాధ భుజంలో, మరొకరి బాధ తొడపై. ఆ బాధను పరాయిదిగా ఎంచనివారు ఒకచోట కొడుకు, మరొకచోట పరిశోధకులూ, ఒక చిన్న పారిశ్రామికుడూ. మస్తూరీ పక్కగా పోయే రైలులో ఈ దేశపు పట్టు, బియ్యం, ఉద్యోగులు ప్రయాణించినట్లే ఇటువంటి ఉపాయాలు కూడా ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి ప్రయాణించవలసిన అవసరం ఉంది.