గడువు తీరిన లాప్‌టాపు: మార్చాలా, అట్టే పెట్టుకోవాలా?

మందు సీసా మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది. అంగట్లో కొన్న పచ్చడి సీసా మీద కూడా ఉంటుంది, దానిని ఎవరూ చదవకపోయినా. వెయ్యి డాలర్లు పోసి కొన్న లాప్‌టాపు మీద మాత్రం అటువంటి తేదీ ఎక్కడా కనబడదు. అంతమాత్రాన గడువు లేదని కాదు. అది యంత్రం మీద గాక, యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేరును తయారుచేసిన సంస్థ ప్రకటనలలో ఉంటుంది. 2015 జులై 29న విడుదలైన విండోస్ 10కు ఆ తేదీ 2025 అక్టోబరు 14. ఆనాడు ఆ లాప్‌టాపులన్నీ ఎప్పటిలాగానే తెరుచుకున్నాయి, మరునాడూ తెరుచుకున్నాయి. ఫోటోలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, పాటలు పాడుతూనే ఉన్నాయి. మరి తీరిపోయిన గడువు దేనిది?

ఆపరేటింగ్ సిస్టమ్ అనేది కోట్ల పంక్తులు గల ప్రోగ్రాము. ఎందరో ఇంజనీర్లు ఎన్నో ఏళ్ళుగా వ్రాసిన ఆ పంక్తులలో ఎక్కడో ఒకచోట లోపం మిగిలే తీరుతుంది. చాలా లోపాల వలన ప్రమాదం ఉండదు. కొన్ని మాత్రం దొడ్డిగుమ్మం గడియ సరిగా పడకపోవడం వంటివి; కనిపెట్టినవాడు చడీచప్పుడు లేకుండా లోపలికి రాగలడు. అటువంటి లోపాలను వెదకడమే వృత్తిగా గలవారు దొంగల పక్షానా ఉన్నారు, కాపలాదారుల పక్షానా ఉన్నారు. బయటపడిన లోపాలకు మైక్రోసాఫ్టు సంస్థ 2003 నుంచి ప్రతి నెలా రెండవ మంగళవారం మరమ్మతులు విడుదల చేస్తూ వస్తున్నది. (మంగళవారంనాడు ఏ మంచి పనీ తలపెట్టని మనవారికి ఈ ముహూర్తం కొంత వింతగా తోచవచ్చు.) మద్దతు ముగిసిందంటే అర్థం, ఆ మంగళవారపు మరమ్మతులు ఇకమీదట ఈ యంత్రానికి వాటంతట అవి రావనే.

ఇందులో అంతగా ఎవరూ గమనించని చిక్కు ఒకటి ఉంది. విండోస్ 10, విండోస్ 11 ఒక తల్లి బిడ్డల వంటివి. వాటి లోపలి పంక్తులలో చాలా భాగం ఉమ్మడి. ఒకే వడ్రంగి ఒకే వీధిలో రెండు ఇళ్ళకు ఒకే రకం తలుపులు బిగించాడనుకుందాం. మొదటి ఇంటివారు ఒకనాడు తలుపు గడియ మార్పిస్తే, వీధిలో పోయేవాడికి రెండు సంగతులు తెలుస్తాయి: పాత గడియలో ఏదో లోపం ఉన్నది, రెండవ ఇంటికి ఇంకా ఆ పాత గడియే ఉన్నది. విండోస్ 11కు వచ్చిన ప్రతి మరమ్మతును, మరమ్మతుకు ముందున్న రూపంతో పోల్చి చూచి, లోపం ఎక్కడ ఉండినదో నేర్పరులు కనిపెట్టగలరు. అందుచేత మద్దతు ముగిసిన యంత్రం ఒక్కరోజులో ప్రమాదకరం కాదు. నెలనెలా కొంచెం కొంచెంగా అవుతుంది. గడువు తీరిన మరుసటి వారం ఏమీ జరగలేదని ధైర్యపడడం, మొదటి వాయిదా కట్టకపోయినా అప్పులవాడు రాలేదని సంతోషించడం వంటిది.

ఈ మాట ఊహాగానం కాదనడానికి 2017 మే 12 నాటి ఉదంతం చాలు. వానక్రై అనే పురుగు ఆనాడు బయలుదేరి, 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, విడుదలకు సొమ్ము అడిగింది. ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య సేవకు చెందిన 236 ట్రస్టులలో కనీసం 80 దీని దెబ్బకు గురయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని వాత పడ్డాయి. మద్దతు ఉన్న విండోస్ రకాలకు దీని మరమ్మతు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8నే మద్దతు ముగిసింది గనుక ఆ మరమ్మతు రాలేదు. పురుగు లోకమంతా ప్రాకిన తరువాత మైక్రోసాఫ్టు నియమం సడలించి దానికీ పంపింది. అయితే ఆనాడు ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పి యంత్రాలు కావు. అప్పటికి మద్దతు ఉన్న విండోస్ 7ను వాడుతూ, వచ్చిన మరమ్మతును పెట్టుకోనివే అధికం. మద్దతు ఉండడం వేరు, దానిని అందుకోవడం వేరు. “తరువాత గుర్తు చేయి” అనే మీటను ఏళ్ళ తరబడి నొక్కుతూ వచ్చినవారి కొత్త లాప్‌టాపు, గడువు తీరినదానికంటె ఏమంత భద్రమైనది కాదు.

వైరసులను పట్టే ప్రోగ్రాము ఉన్నది గదా అని కొందరు అంటారు. విండోస్ 10లోని డిఫెండరుకు వైరసుల జాబితాలు 2028 అక్టోబరు వరకు పంపుతామని మైక్రోసాఫ్టు ప్రకటించిన మాట నిజమే. అయితే ఆ జాబితా ఊళ్ళో తెలిసిన దొంగల ఫోటోలు పట్టుకొని నిలుచున్న కాపలాదారు. గడియ పడని తలుపును అతడు బాగుచేయడు.

గడువు తీరినవారికి మైక్రోసాఫ్టు కొంత వెసులుబాటు ఇచ్చింది. 2025లో ప్రకటించిన ఏర్పాటు ప్రకారం ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ మరమ్మతులు పొందే వీలు కల్పించారు. అమెరికాలో దాని వెల 30 డాలర్లు. కంప్యూటరు సెట్టింగులను మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రపరచడానికి ఒప్పుకొన్నవారికి ఉచితం. ఇది ఆలోచించుకోవడానికి ఇచ్చిన వ్యవధియే గాని పరిష్కారం కాదు. పైగా దానికి నమోదు చేసుకొనవలసి ఉన్నది. ఊరకే కూర్చున్నవారికి అది రాదు.

విండోస్ 11కు మారడమే తేలిక గదా అంటే, అన్ని యంత్రాలకూ ఆ అర్హత లేదు. 2021 అక్టోబరులో వెలువడిన ఆ సిస్టమ్ మూడు విషయాలలో పట్టుదల చూపుతుంది: ప్రాసెసరు ఆమోదించిన జాబితాలో ఉండాలి, యంత్రం తెరుచుకునేటప్పుడు ప్రోగ్రాములు అసలైనవో కావో తనిఖీ చేసే సదుపాయం ఉండాలి, రహస్య తాళపుచెవులను దాచే టి.పి.ఎం. అనే భాగం, అందులోనూ 2.0 రకం, ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో కొన్ని మినహాయింపులు పోగా ఎనిమిదవ తరం నుంచి మాత్రమే అంగీకరిస్తారు. అంటే 2017 చివరకు ముందు తయారైన లాప్‌టాపులు చాలావరకు గేటు బయటనే నిలబడతాయి. వాటిలో ఎన్నో ఇప్పటికీ చక్కగా పనిచేసేవే కావడం ఇందులోని అన్యాయం. నియమాలను తప్పించి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు లేకపోలేదు. అలా ఎక్కించిన యంత్రాలకు మరమ్మతుల హామీ లేదని సంస్థ ముందే చెప్పింది గనుక, ఇది చేయితిరిగినవారి వినోదమే గాని ఇంటిల్లిపాదీ వాడే యంత్రానికి తగదు.

ఐతే “అర్హత లేదు” అని తెర మీద కనబడగానే దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. చాలా లాప్‌టాపులలో టి.పి.ఎం. ఉండి కూడా నిద్రపోతూ ఉంటుంది. యంత్రం తెరుచుకునేటప్పుడు వచ్చే బయోస్ తెరలో దానిని మేల్కొల్పితే అర్హత దానంతట అదే వస్తుంది. మరొక సంగతి. లాప్‌టాపు మందగించడానికి ముసలితనమే కారణమని అందరూ అనుకుంటారు. ఎక్కువ సందర్భాలలో అసలు దోషి లోపల గిరగిర తిరిగే పాత హార్డ్‌డిస్కు. దాని స్థానంలో ఎస్.ఎస్.డి. పెట్టి, మెమరీని 8 గిగాబైట్లకు పెంచితే అదే యంత్రం పడుచుదనం తెచ్చుకుంటుంది. 2025 చివరలో మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి గనుక, పాత లాప్‌టాపులో పనికివచ్చే మెమరీ ఉన్నదేమో చూచుకొని మరీ కొనడం మంచిది. బ్యాటరీ ఉబ్బి అడుగు రేకును పైకి నెడుతున్నట్లయితే మాత్రం అది వేరే కథ. వెంటనే వాడకం ఆపి బ్యాటరీని తీయించవలసినదే.

అర్హత నిజంగానే లేని యంత్రానికి ఇంకొక దారి ఉంది. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు ఈనాడు ఉబుంటు, మింట్ వంటి రూపాలలో ఉచితంగా లభిస్తున్నది. ఉబుంటు 24.04కు సాధారణ మద్దతు 2029 వరకు ఉంది. ఉత్తరాలు, వార్తలు, వీడియోలు, బ్యాంకు పనులు బ్రౌజరులోనే సాగిపోయే ఇంటికి ఇది చాలు. తెలుగు టైపు చేయడానికీ లోటు లేదు. డబ్బు పెట్టి కొన్న విండోస్ ప్రోగ్రాములు మాత్రం చాలావరకు దీనిలో నడవవు. ఆపిల్ యంత్రాలవారి పరిస్థితి వేరు: ఇంటెల్ ప్రాసెసరు గల మాక్‌లకు 2025లో వచ్చిన టాహోయే చివరి మాక్ ఓఎస్. క్రోమ్‌బుక్కులకు పదేళ్ళ మద్దతు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది. కొనేనాటికే అందులో ఎన్నేళ్ళు కరిగిపోయాయో చూచుకోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా యంత్రం సంగతి. నిర్ణయం నిజానికి యంత్రం వయసు మీద కంటె, దాని ముందు కూర్చునేవారెవరు, వారు దానితో చేసే పని ఏమిటి అన్న దాని మీద ఆధారపడుతుంది. ప్రవాసాంధ్రుల ఇళ్ళలో పాతుకుపోయిన ఆచారం ఒకటి ఇక్కడ తడుముకోక తప్పదు. థాంక్స్‌గివింగ్ బేరాలలో కొత్త లాప్‌టాపు ఇంటికి వస్తుంది. పాతది బాదంపప్పు పొట్లాలకూ విటమిన్ సీసాలకూ నడుమ సూట్‌కేసులో చేరి గుంటూరో కరీంనగరో వెళ్ళిపోతుంది. “పనిచేస్తూనే ఉంది గదా, అమ్మానాన్నలకు సరిపోతుంది” అన్నది దాని వెనుక ఉన్న తర్కం. ప్రేమతో చేసే పనియే. అయినా లెక్క తలక్రిందులుగా ఉంది.

అక్కడ ఆ లాప్‌టాపు ముందు కూర్చునేది పింఛను సొమ్ము జమ అయిందో లేదో చూచుకొనే తండ్రి. ఫిక్సెడ్ డిపాజిట్లు తిరగవ్రాయించేదీ, తిరుమలకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు తీసేదీ, మీభూమిలోనో భూభారతిలోనో పొలం పత్రాలు సరిచూచేదీ దానిమీదనే. జీవితకాలపు కష్టార్జితం ఆ తెర వెనుక ఉంది. మోసాన్ని పసిగట్టే అలవాటు అందరికంటె తక్కువగా ఉండేది వారికే. మరమ్మతులు రాని యంత్రం కుటుంబం మొత్తంలో ఎవరికి చేరకూడదో వారికే చేరుతున్నది. అమెరికాలోని ఇంటిలో ఆ పాత లాప్‌టాపు పాటలు వినడానికో, పిల్లల ఆటలకో పనికివచ్చేది. పోయినా పోయేది స్వల్పమే. కాబట్టి ఒక ఇంటిలో రెండు యంత్రాలుంటే, గడువు ఉన్నది పెద్దవారికి, లేనిది ఇక్కడివారికి పంచుకోవడమే న్యాయమైన పంపకం.

దీనికి తోడు, గడువు తీరిందన్న వార్త మోసగాళ్ళకు పెట్టుబడి. “అయ్యా, తమ విండోస్ గడువు తీరింది, మేము సరిచేస్తాము” అని మైక్రోసాఫ్టు పేరు చెప్పి ఫోను చేసేవారు కొల్లలు. ఆ సంస్థ పిలవని ఫోను చేయదు. కొడుకు డాలస్‌లో కూర్చుని తండ్రి తెరను తన తెర మీదికి తెచ్చుకొనే దూరసహాయ ప్రోగ్రామే మోసగాడి చేతిలోనూ ఆయుధం. తండ్రికి రెండూ ఒకేలా కనబడతాయి. వారికి లినక్సు ఎక్కించి పంపేవారు కూడా ఈ సంగతి ఆలోచించాలి. అలవాటైన మీట అలవాటైన చోట లేకపోతే వారు ఎవరినో ఒకరిని పిలుస్తారు. ఊరు వెళ్ళిన పది రోజులలో ఒక పూట పక్కన కూర్చుని చూపించే ఓపిక ఉంటేనే ఆ మార్పు తలపెట్టాలి.

పాత యంత్రాన్ని వదలలేకపోవడానికి సమంజసమైన కారణం ఒకటి తెలుగు ముద్రణలో ఉంది. సంఘాల పత్రికలు, సంచికలు ఎన్నో ఏళ్ళపాటు పేజ్‌మేకరులో, అను ఫాంట్లలో కూర్చినవి. పేజ్‌మేకరు 7.0 విడుదలైనది 2001లో. ఆ తరువాత దానికి కొత్త రూపం రాలేదు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల చాటున దాచుకుంటాయి గనుక, ఫాంటు లేని యంత్రంలో అదే వ్యాసం పిచ్చిగీతలుగా కనబడుతుంది. అటువంటి పనికి కేటాయించిన లాప్‌టాపును ఇంటర్నెట్టు నుంచి పూర్తిగా విడదీసి ఉంచుకోవచ్చు. బయటివారి పెన్‌డ్రైవు తగలనీయకపోతే అది నిరపాయమైన టైపుయంత్రమే. కాని అదీ ఎల్లకాలం నడవదు. నడుస్తుండగానే అందులోని వ్యాసాలను యూనికోడులోకి మార్చి, రెండు చోట్ల భద్రపరచడం ఉత్తమం. యంత్రం ఆగిన తరువాత చేద్దామంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

చివరకు పారవేయక తప్పని యంత్రాలు కొన్ని ఉంటాయి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయింది; పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్లు లెక్కకు దొరికినది అందులో 22.3 శాతమే. లాప్‌టాపు వలన వెలువడే కర్బనంలో అధిక భాగం తయారీలోనే వెలువడుతుందని తయారీదారుల నివేదికలే చెబుతున్నాయి. అందుచేత రెండేళ్ళు అదనంగా నడిపిన లాప్‌టాపు ఆ మేరకు లాభమే. ఇచ్చివేసే ముందు ఫైళ్ళను చెత్తబుట్టలోకి తోయడం మాత్రం చాలదు. అవి డిస్కు మీద అలాగే ఉంటాయి. డిస్కు అంతటినీ గుప్తలిపిలోకి మార్చి, ఆపైన రీసెట్‌లో డ్రైవును శుభ్రం చేయమనే ఎంపికను తీసుకోవాలి. వీలున్న మోడళ్ళలో డిస్కును ఊడదీసి దగ్గరే ఉంచుకొని, మిగిలిన పెట్టెను సేకరణ కేంద్రానికి ఇవ్వవచ్చు. కొత్త మోడళ్ళలో కొన్నిటికి నిల్వ భాగం బోర్డుకే అతికి ఉంటుంది గనుక వాటికి మొదటి పద్ధతే గతి.