డింగీకి తాడు ఎంత పొడవుండాలి?

ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలిస్తే పెద్ద టెన్షన్ ఉండదు. మధ్యలో ఇనుప కడ్డీ ఉంటుంది. ట్రాక్టర్ ఆగితే ట్రాలీ ఆగుతుంది. పవర్‌బోటు వెనక చిన్న డింగీని కట్టి లాగడం అలా కాదు. మధ్యలో ఉన్నది తాడు. తాడు లాగగలదు కానీ ఆపలేదు. పైగా డింగీ నడిచే రోడ్డుని ముందు వెళ్లే బోటే తయారుచేస్తుంది, అదీ ఎత్తుపల్లాలతో.

నాకీ గొడవ ఎందుకంటే, మా పెద్దమ్మ వాళ్లబ్బాయి సియాటెల్‌లో ఉంటాడు. ఫ్రెండ్స్‌తో బోటు అద్దెకి తీసుకుని శాన్ హువాన్ దీవులకి వెళ్తున్నాడు. "వెనక డింగీ ఇస్తారట, తాడు ఎంత వదలాలో లెక్క చూసి చెప్పరా" అన్నాడు. ఆ దీవుల్లో సుసియా లాంటి వాటికి బ్రిడ్జి లేదు, ఫెర్రీ లేదు. పెద్ద బోటుని లంగరేసి, ఒడ్డుకి డింగీలోనే వెళ్లాలి. దారిలో అది తిరగబడినా, తెగిపోయినా బోటులోనే ఇరుక్కుపోతారు. అక్కడి నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి కాబట్టి ఈదుకుంటూ వెళ్దాం అనే ప్లాన్ బీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. బోటు కదిలితే దాని వెనక అలలు పుడతాయి. సరిగ్గా వెనక వచ్చే అలలు బోటుతో సమానమైన వేగంతో నడుస్తాయి. అందుకే బోటులో నిలబడి చూస్తే కొండ, లోయ, మళ్లీ కొండ అన్నట్టు అక్కడే ఉండిపోయినట్టు కనిపిస్తాయి. లోతైన నీటిలో ఒక కొండ నుంచి ఇంకో కొండకి దూరం ఎంతో తెలియాలంటే, వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని వర్గం చేసి 0.64తో గుణిస్తే చాలు. 6 నాట్ల దగ్గర అది సుమారు 6 మీటర్లు. 8 నాట్ల దగ్గర దాదాపు 11 మీటర్లు. వేగం మూడో వంతు పెరిగితే అల పొడవు దాదాపు రెట్టింపయింది!

డింగీ ఆ కొండకి బోటు వైపు వాలు మీద ఉంటే ముందుకి జారుతుంది. తాడు వదులవుతుంది, డింగీ పక్కకి తిరుగుతుంది, తర్వాత తాడు ఒక్కసారిగా బిగిసి గట్టి కుదుపు వస్తుంది. అవతలి వాలు మీద ఉంటే ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. తాడు మీద, ఇంజన్ మీద భారం. మనకి కావాల్సింది ఈ రెండిటికీ మధ్య చోటు: భారం తక్కువగా ఉండాలి, కానీ తాడు ఎప్పుడూ వదులవకూడదు. తాడుని కొంచెం కొంచెం లాగుతూ, వదులుతూ ఆ చోటు వెతుక్కోవాలి.

20 నాట్ల దగ్గర ఇదే లెక్క వేస్తే 68 మీటర్లు వస్తుంది. అంత తాడు ఎవరూ వదలరు. ఆ వేగంలో డింగీ కూడా నీటి మీద జారుతూ వస్తుంది. అప్పుడు బోటు వెనక నీళ్లు నున్నగా ఉండే మధ్య భాగంలోనే దాన్ని ఉంచాలి. సముద్రం గరుగ్గా ఉంటే వేగం తగ్గించాలి, లేదా డింగీని పైకెక్కించుకోవాలి.

ఈ అలల గొడవ పాతదే. 1871లో విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ గ్రేహౌండ్ అనే ఓడని యాక్టివ్ అనే ఇంకో ఓడతో లాగించి, తాడు మీద పడే బలాన్ని కొలిచాడు. ముందు ఓడ అలలు లెక్కని పాడుచేయకుండా తాడుని వెనక నుంచి కాకుండా, పక్కకి చాచిన దూలం చివర నుంచి కట్టించాడు.

మిగతావి జాగ్రత్తలు. మన కోస్తా మత్స్యకారులు పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. డింగీ అణియంలో కింద ఉండే రింగుకే తాడు కట్టాలి, అప్పుడు ముక్కు పైకి లేస్తుంది. బోటు అమరం దగ్గర రెండు మూలల నుంచి వై ఆకారంలో కడితే లాగుడు మధ్యలో ఉంటుంది. నీటిలో తేలే పాలీప్రొపిలీన్ తాడైతే ప్రొపెల్లర్‌కి చుట్టుకునే ప్రమాదం తక్కువ. డింగీలో మోటారు, పెట్రోలు డబ్బా ఉంచకూడదు, మనుషులు అసలే కూర్చోకూడదు. అర ఘనపు మీటరు నీళ్లు చేరినా 500 కిలోలు అదనం, అప్పుడు తాడు తెగి వెనక్కి కొడితే దెబ్బ మామూలుగా ఉండదు. బిగిసిన తాడుకి ఎదురుగా నిలబడొద్దు.

అన్నయ్యకి నేను మీటర్లలో ఒకే నంబర్ చెప్పలేదు. ఇది మన కోడ్‌లో హార్డ్‌కోడ్ చేసే విలువ కాదు, వేగంతో పాటు మారే వేరియబుల్. వేగం మారిన ప్రతిసారీ ఒకరు వెనక్కి తిరిగి డింగీని చూడాలి. ముఖ్యంగా రేవు దగ్గర, వేగం తగ్గించాక తాడు లాగుదాం అనుకోకూడదు. తగ్గిస్తూనే తాడుని చేతిలోకి తీసుకోవాలి. బోటు ఆగితే డింగీ ఆగదు, వదులైన తాడు నేరుగా ప్రొపెల్లర్ దగ్గరికే పోతుంది.